టైటాన్స్ ఏడుగురు ఎవలు? పేర్లు కాదు తమ్మీ, పనులు లెక్కగట్టాలె

ప్రో కబడ్డీ సీజన్ మొదలైందంటె మా దిక్కు పొద్దుమూకినంక ముచ్చటంత ఒక్కటే. సూర్యాపేట చాయ్ హోటళ్లల్ల గానీ, కోదాడల హైవే పక్కన గానీ, మిర్యాలగూడ మిల్లుల కాడ గానీ, నలుగురు పోరలు ఒక్క ఫోన్ మీద వంగి కూసున్నరంటె వాళ్ల నోట్ల మాట గిదే: "ఇయ్యాల టైటాన్స్ నుంచి ఏడుగురు ఎవలు దిగుతరు?" ఇగ పంచాది షురూ. ఒకడు ఫలానా రైడర్ ఉండాలె అంటడు. ఇంకొకడు వాడు దండుగ అంటడు. పేర్ల మీద కొట్లాట నడుస్తది, పని గురించి మాట్లాడేటోడు ఒక్కడు దొరకడు.

2014ల ఈ లీగు మొదలైన కాడికెల్లి నేను తెలుగు టైటాన్స్ ఆట చూస్తున్న. కోచింగు సదువులు సదివినోన్ని కాదు. చూసుకుంట, నోట్‌బుక్కుల రాసుకుంట నేర్సుకున్న లెక్క నాది. ఆ లెక్క ఇయ్యాల మీ ముందట పెడుతున్న. ఎందుకంటె ఏడుగురిని సరిగ్గ లెక్కగట్టుడు తెలిసినోనికి ఇంకో ప్రశ్న దానంతట అదే ఎదురొస్తది: ఈ ఏడుగురిల మన పోరడు ఎందుకు లేడు?

ముందుగాల ఆట లెక్క

మీకు ఆట తెలుసు. కానీ జట్టును కట్టేటప్పుడు పనికొచ్చే నాలుగు ముచ్చట్లు మళ్లొక్కసారి గుర్తు చేస్త.

ఒకటి, టైము. ఆట 40 నిమిషాలు, రైడుకు 30 సెకండ్లు. ప్రతి రైడరు పూర్తి టైము వాడుకుంటె మొత్తం 80 రైడ్లు. అంటె జట్టుకు 40. ఈ 40 రైడ్లు ఎవలెవలు పంచుకుంటరు అన్నదే జట్టు కూర్పుల సగం లెక్క.

రెండు, బోనస్. అవతల ఆరుగురు గానీ ఏడుగురు గానీ ఉంటెనే బోనస్ గీత పనిచేస్తది. ఐదుగురికి దిగిందంటె బోనస్ బందు, మనిషిని తాకాల్సిందే. బోనస్ మీదనే బతికే రైడరు ఆట మొదట్ల హీరో లెక్క కనిపిస్తడు, అవతల మనుషులు తగ్గినంక వానికి చేతులాడయి.

మూడు, డూ ఆర్ డై. వరుసగ రెండు రైడ్లు ఖాళీగ వస్తె మూడో రైడుల పాయింటు తేవాల్సిందే, లేకుంటె రైడరు అవుట్. ఈ మూడో రైడుకు ఎవన్ని పంపుతరో చూస్తె కోచ్ మనసుల ఏమున్నదో తెలిసిపోతది.

నాలుగు, సూపర్ టాకిల్. మైదానంల ముగ్గురు గానీ అంతకన్న తక్కువ గానీ ఉన్నప్పుడు రైడర్ను పడితె రెండు పాయింట్లు. మునిగే జట్టుకు గది పడవ.

ఏడు జాగలు, ఏడు పనులు

మ్యాచ్‌కు పన్నెండు మందిని తీస్కపోతరు. మ్యాట్ మీద ఏడుగురు, బెంచి మీద ఐదుగురు. ఏడుగురికి ఏడు జాగలు: రెండు కొసలకు ఇద్దరు కార్నర్లు, నడిమిట్ల ఇద్దరు కవర్లు, కార్నర్‌కు కవర్‌కు మధ్యల రెండు దిక్కుల ఇద్దరు ఇన్లు, నట్టనడుమ సెంటర్. రైడర్లు పట్టేటప్పుడు ఇన్లల్ల, సెంటర్ల నిలబడుతరు. అంటె మామూలుగ జట్టు కూర్పు ముగ్గురు రైడర్లు, నలుగురు డిఫెండర్లు. ఆ ముగ్గురిల ఒకడు రెండు పనులు తెలిసిన ఆల్‌రౌండర్ అయితె ఇంకా మంచిది.

మిర్యాలగూడ రైస్ మిల్లుల హమాలీలు లారీ ఎక్కించేది చూసిన్రా? ఒకడు బస్తా లేపి ఎత్తిస్తడు, ఒకడు మోస్తడు, ఒకడు లారీ మీద నిలబడి వరుస పేరుస్తడు. మోసేటోడు ఎంత పహిల్వానైనా, ఎత్తించేటోడు లేకుంటె బస్తా భుజం మీదికి రాదు. పేర్చేటోనికి పని రాకుంటె లారీ మూలమలుపు కాడనే ఒరుగుతది. కబడ్డీ జట్టు కూడ గంతే.

కార్నర్ పని చీలమండ పట్టుడు, తొడ పట్టుడు. రైడరు బోనస్ కోసం కాలు చాపినప్పుడో, తాకి మర్లిపోతున్నప్పుడో ముందుగాల దూకేది కార్నరే. కవర్ పని వేరే. కార్నర్ పట్టినంక వచ్చి మీద పడుడు, రైడరు తప్పించుకుని గీత దిక్కు ఉరుకుతుంటె అడ్డం నిలబడుడు, డ్యాష్ కొట్టి మ్యాట్ అవతలికి నెట్టుడు. కార్నర్ ఒక్కడే పట్టి కవర్ రాకుంటె రైడరు వాన్ని ఈడ్చుకుంటనే గీత తాకుతడు. అప్పుడు మనం టీవీ ముందట కార్నర్ను తిడుతం. తప్పు కవర్‌ది అయ్యుంటది. ఈసారి ఆట చూసేటప్పుడు రైడరును కాదు, రైడరు తాకకముందు కవర్ కాళ్లు ఎటు కదిలినయో చూడుండ్రి. ఆట వేరే తీరుగ కనిపిస్తది.

అందుకే డిఫెన్స్‌ల విడివిడి పేర్లకన్న జోడీలకు విలువెక్కువ. కలిసి ఆడిన ఇద్దరు కార్నర్లు దొరికితె సగం జట్టు దొరికినట్టే.

రెండో రైడరే జట్టుకు ప్రాణం

ఇగ అసలు లెక్క ఇది, జెర నిమ్మళంగ సదువుండ్రి.

మన పెద్ద రైడరు అవుటై బెంచి మీద కూసున్నడు అనుకో. వాడు మళ్ల ఎట్ల లోపలికి వస్తడు? అవతలి జట్టుల ఒకడు అవుటైతెనే మన జట్టుల ఒకడు బతుకుతడు, అది కూడ ఏ వరుసల అవుటైన్రో ఆ వరుసల. బోనస్ పాయింటుకు ఎవ్వడూ బతకడు. సూపర్ టాకిల్‌కు రెండు పాయింట్లొస్తయి గానీ బతికేది ఒక్కడే.

ఇగ చూడు. పెద్ద రైడరు బయట ఉన్నడు. లోపల ఉన్న రెండో రైడరు ఖాళీగ వచ్చిండు. మళ్ల పోయిండు, మళ్ల ఖాళీ. మూడోది డూ ఆర్ డై, అవుటైండు. అవతలోళ్లకు తెలుసు, మన పెద్ద రైడరు బయట ఉన్నన్ని నిమిషాలు వాళ్లకు పండుగే అని. వాళ్లు బోనస్ ఇస్తరు గానీ మనిషిని ఇయ్యరు. ఇట్ల పెద్ద రైడరు బెంచి మీద కూసునే ఐదు నిమిషాలల్ల జట్టు ఆలౌట్ దిక్కు జారుతది. ఆలౌట్ అయితె అవతలోళ్లకు ఇంకో రెండు పాయింట్లు.

అంటె రెండో రైడరు తెచ్చిన టచ్ పాయింటు స్కోర్ బోర్డు మీద ఒక్కటే. లెక్కల మాత్రం దానికి రెట్టింపు విలువ, ఎందుకంటె అది మొదటి రైడరును లోపలికి తెస్తది. అట్లనే కార్నర్ పట్టిన ఒక్క పట్టు కూడ. మనం చప్పట్లు కొట్టేది పదిహేను పాయింట్లు తెచ్చినోనికి. ఆయనను మూడుసార్లు లోపలికి తెచ్చినోని పేరు మనకు యాదికుండదు.

టైటాన్స్ పదేండ్ల పాఠం

ఇది నేను గాలిల చెప్తలేను. టైటాన్స్ కథ చూడుండ్రి.

మొదటి ఆరు సీజన్లు టైటాన్స్ అంటె రాహుల్ చౌదరి. ఉత్తరప్రదేశ్‌ల బిజ్నోర్ దిక్కు పోరడు, మన ఊర్లల్ల గోడల మీద ఫొటో పడ్డంత అభిమానం. ఆయన మంచిగనే ఆడిండు. జట్టు రెండో సీజన్ల మూడో జాగ, నాలుగో సీజన్ల నాలుగో జాగ దాకా పోయింది. తర్వాత కిందికి జారింది. 2019ల సిద్ధార్థ్ దేశాయిని 1 కోటి 45 లక్షలకు తెచ్చిన్రు. ఇంకో హీరో. 8వ సీజన్ల ఆయన మొదట్లనే గాయంతోని బయటికి పోయిండు. అంతే, 22 మ్యాచులల్ల టైటాన్స్ గెలిచింది ఒక్కటే ఒక్కటి. 9వ సీజన్ల రెండు. 10వ సీజన్ల రెండు. మూడేండ్లు వరుసగ పట్టికల ఆఖరి జాగ. అభిమానులం మొఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెలవలే.

10వ సీజన్ ముచ్చట మాత్రం పైసలతోని లెక్కగట్టాలె. 2023 వేలంల ఒక్కో జట్టుకు ఖర్చు హద్దు 5 కోట్లు. టైటాన్స్ ఒక్క పవన్ సెహ్రావత్ కోసం పెట్టింది 2 కోట్ల 60 లక్షల 50 వేలు. అప్పటిదాక లీగుల ఎవ్వలికీ అంత ధర పలకలే. సంచిల సగానికి పైన ఒక్క మనిషికే పోయింది. మిగిలింది 2 కోట్ల 39 లక్షల 50 వేలు. జట్టుల కనీసం 18 మంది ఉండాలె. మిగిలిన 17 మందికి పంచితె తలా 14 లక్షల చిల్లర. వేలంల 'సి' గ్రేడు ఆటగాని మొదటి ధరనే 13 లక్షలు. అంటె పవన్ పక్కన నిలబడేటోళ్లు ఎట్లాంటోళ్లు దొరుకుతరో వేలం రోజే అర్థమైంది.

పవన్ తప్పేం లేదు. రెండొందల దాకా పాయింట్లు తెచ్చిండు. కానీ ఆయన బెంచి మీద కూసున్నప్పుడు లోపలికి తెచ్చేటోడు లేడు, అవతలి రైడరును పట్టేటోడు లేడు. బస్తా మోసే పహిల్వాన్ను తెచ్చి ఎత్తించేటోన్ని మర్చిపోయిన్రు.

11వ సీజన్ల కృషన్ కుమార్ హుడా కోచ్‌గ వచ్చిండు. నడుమల పవన్‌కు దెబ్బ తాకింది. పాత లెక్క ప్రకారం జట్టు మునగాలె. కానీ మునగలే. విజయ్ మాలిక్ బాధ్యత తీస్కున్నడు, ఆశిష్ నర్వాల్ లాంటోళ్లు పాయింట్లు తెచ్చిన్రు. పనులు పంచుకున్నరు. ఆఖరికి ఏడో జాగ. అప్పుడు ప్లేఆఫ్‌కు పోయింది ఆరు జట్లు, ఒక్క మెట్టు కింద ఆగింది.

2025ల 12వ సీజన్ చూస్తె లెక్క ఇంకా సాఫుగ కనిపిస్తది. పవన్ తమిళ తలైవాస్‌కు పోయిండు. టైటాన్స్ విజయ్ మాలిక్‌ను కెప్టెన్ చేసింది. 81 లక్షలకు భరత్ హుడాను తెచ్చింది. ఇద్దరు రైడర్లు, ఒకడు బయటుంటె ఇంకొకడు లోపలికి తేగలిగెటోళ్లు. కార్నర్లకు శుభమ్ షిండే, అంకిత్. శుభమ్ షిండే అంతకుముందు ఏడు పాట్నా పైరేట్స్‌ల ఆడి ఫైనల్ దాకా పోయినోడు.  కవర్ల కాడ అజిత్ పవార్, అవి దుహన్. ఈ జట్టు ప్లేఆఫ్‌ల బెంగళూరును, పాట్నాను కొట్టింది. పుణేరి పల్టన్ చేతుల ఓడి ఫైనల్‌కు ఒక్క మ్యాచ్ దూరంల ఆగింది.

రెండు కోట్ల అరవై లక్షల హీరో ఉన్నప్పుడు ఆఖరి జాగ. హీరో లేకుంట పనులు పంచుకున్నప్పుడు ఫైనల్ గడప. ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలె?

కాగితం మీద ఎట్ల గట్టాలె

ప్రతి సీజన్ ముందట వేలం అయితది. పేర్లు మారుతయి, పోతయి, వస్తయి. పద్ధతి మాత్రం మారదు. ఒక కాగితం తీస్కొని ఈ ఆరు ప్రశ్నలు వరుసగ రాయుండ్రి.

ఒకటి: పేర్ల కాడ మొదలువెట్టకు, జాగల కాడ మొదలువెట్టు. ఏడు గీతలు గీసి ముందుగాల రెండు కార్నర్లు నింపు. రైడర్లను ఆఖరికి రాయి. అందరూ దీన్ని ఉల్టా చేస్తరు.

రెండు: ఇద్దరు కార్నర్లు, ఇద్దరు కవర్లు కలిసి ఎన్ని మ్యాచులు ఆడిన్రు? కొత్త నలుగురిని ఒక్కసారి దించితె చేతులు చేతులకు తాకుతయి, రైడరు నడుమల నుంచి ఎల్లిపోతడు.

మూడు: పెద్ద రైడరు అవుటైతె లోపలికి తెచ్చేటోడు ఎవడు? ఈ ప్రశ్నకు జవాబు రాయలేకపోతె ఆ జట్టు ఇంక తయారు కాలేదన్నట్టు.

నాలుగు: డూ ఆర్ డైకి ఎవడు పోతడు? పెద్ద రైడరునే పంపితె ఆయన అవుటయ్యే ప్రమాదం పెరుగుతది. దానికి గట్టి గుండె ఉన్న మూడో మనిషి కావాలె. పేరు లేకున్నా పర్వాలేదు.

ఐదు: కుడి దిక్కు నుంచి పొడిచెటోడు, ఎడమ దిక్కు నుంచి పొడిచెటోడు ఇద్దరూ ఉన్నరా? అందరు రైడర్లు ఒక్క దిక్కు పోతె అవతలి ఒక్క కార్నర్‌కే పని, ఇంకో కార్నర్ సుట్టం లెక్క నిలబడుతడు.

ఆరు: బెంచి మీద ఐదుగురిల డిఫెండర్లు ఎందరు? ఆఖరి ఐదు నిమిషాలల్ల నాలుగు పాయింట్ల ముందల ఉంటె రైడరును తీసి డిఫెండరును దించాలె. వెనుక ఉంటె దీన్ని ఉల్టా. బెంచి చూడకుంట ఏడుగురిని రాసుడు సగం లెక్కనే.

ఈ ఆరింటికి జవాబు రాసినంక పేర్లు నింపుండ్రి. మీరు అనుకున్న హీరో ఒక్కోసారి ఏడుగురిల ఉండడు. అట్లయితె మీ లెక్క సరైన తొవ్వల పడుతున్నట్టే.

ఈ లెక్కను పైసలకు అమ్ముకోకుర్రి

ఒక ముచ్చట ఖుల్లం ఖుల్లా చెప్పాలె. ఈ ఏడుగురిని ఊహించే తెలివినే పెట్టుబడి చేస్కొని పోరల జేబులు ఊడ్చిన ధందా ఒకటున్నది. పైసల పందెం ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2017లనే చట్టంతోని బందు పెట్టింది. 2025 ఆగస్టుల కేంద్రం కూడ దేశమంత నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అయినా దొంగ యాప్‌లు, టెలిగ్రామ్ గ్రూపులు, ఊర్ల కాడ చేతి పందేలు ఆగుతలేవు.

నేను నీతులు చెప్పుతలేను, లెక్కనే చెప్తున్న. మీరు ఎంత మంచిగ ఏడుగురిని రాసినా, రెండో నిమిషంల కార్నర్ మోకాలు మడత పడితె మీ కాగితం చెల్లదు. కోచ్‌కు కూడ అందని ఆ లెక్క మీద మీ నాయన వడ్లమ్మిన పైసలు పెట్టుడు ఏం న్యాయం? ఆట మీద మీకు తెలివి ఉన్నదనే ఆ ధందాగాళ్లు మిమ్ముల మెచ్చుకుంటరు. ఆ తెలివికి ఇంకో మంచి వాడకం ఉన్నది. అది కింద చెప్తున్న.

ఇగ అసలు ప్రశ్న: మనోడు ఏడి?

12వ సీజన్ పేర్లు మళ్ల ఒక్కసారి చూడుండ్రి. విజయ్ మాలిక్, భరత్ హుడా, అంకిత్, అవి దుహన్, శుభమ్ షిండే, అజిత్ పవార్. హర్యానా, మహారాష్ట్ర దిక్కు పోరలు. కోచ్ కూడ హర్యానా మనిషే. జెర్సీ మీద 'తెలుగు' అని ఉంటది. గెలిస్తె మనం పటాకలు కాలుస్తం.

వాళ్ల మీద నాకు కోపం లేదు. కష్టపడి వచ్చిన పేదింటి పిల్లలే ఎక్కువ. బయటోళ్లను ఎల్లగొట్టుడు నా ముచ్చట కాదు. లీగు అంటెనే ఎక్కడోడైనా ఎక్కడన్న ఆడొచ్చు. నా ప్రశ్న వేరే: మనోళ్లు అటు దిక్కు జట్లల్లనన్న ఎందరున్నరు? వేళ్ల మీద లెక్కపెట్టేటంత. ఎందుకు?

ఆట రాక కాదు. సంక్రాంతికి మా దిక్కు ఏ ఊర్లకు పోయినా కబడ్డీ కోర్టు గీసి ఉంటది. చెడుగుడు మన తాతల ఆట, కూత మన నోటి మాట. 2021 మార్చిల 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు సూర్యాపేటలనే పెట్టిన్రు. దేశం నలుమూలల నుంచి పిల్లలు వచ్చిన్రు, ఆడపిల్లల జట్లు కూడ. మార్చి 22న మొదటి రోజు చూడనీకె ఎక్కిన జనంతోని గ్యాలరీ కూలింది. వంద మందికి పైగ గాయపడ్డరు. ఆ రోజు ఆట మీద సూర్యాపేటకు ఎంత ప్రేమ ఉన్నదో దేశం చూసింది. ఆ ప్రేమ కింద గట్టి పునాది లేకుంటె ఏమైతదో కూడ చూసింది.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ముచ్చట మన దిక్కు రైతుకు ఎవ్వలూ చెప్పక్కరలేదు. నీళ్లు వదిలినట్టు పేపర్ల వస్తది, మొదట్ల ఉన్న భూములు తడుస్తయి, కాలువ కొసన ఉన్నోడు గట్టు మీద కూసోని ఎదురుచూస్తడు. మన కబడ్డీ పిల్లగాడు ఆ కాలువ కొస రైతే. ఆట నీళ్లు వానిదాక రావాలంటె నడుమల నాలుగు తూములు తెరుసుకోవాలె.

మొదటి తూము మ్యాట్. మన పిల్లలు మన్నుల ఆడుతరు. జాతీయ పోటీలు, లీగు అంత మ్యాట్ మీద. మన్నుల కాలు జారుతది, పట్టు నిదానం. మ్యాట్ మీద బూట్లు పట్టుకుంటయి, రైడరు ఒక్క అడుగుల మర్లిపోతడు. మన్ను మీద రాజు అనిపించుకున్న కార్నర్ మ్యాట్ మీద అర సెకండు లేటైతడు. ఆ అర సెకండే సెలక్షన్ల ఉంటడా పోతడా తేలుస్తది.

రెండో తూము కోచ్. హర్యానాల, ఢిల్లీ అంచు పల్లెలల్ల ఆడి రిటైరైనోడు ఊర్లకు వచ్చి పొద్దుగాల, మాపటికి పిల్లలకు నేర్పుతడు. ఢిల్లీ పక్కన నిజాంపూర్ అనే ఒక్క ఊరు నుంచే మంజీత్ ఛిల్లర్‌తోని సహా ఎందరో ఆటగాళ్లు వచ్చిన్రు. ఆ ఊరి పిల్లలకు ఏమన్న బంగారు బువ్వ పెట్టిన్రా? లేదు. నేర్పెటోడు ఊర్లనే ఉన్నడు, అంతే తేడా.

మూడో తూము కొలువు. పవన్ సెహ్రావత్ రైల్వే జట్టుల ఆడినోడు. రాహుల్ చౌదరి ఎయిరిండియాల. సైన్యం, రైల్వే, పోలీసు జట్లు ఆటగాన్ని పోషిస్తయి. కొలువు ఉన్నోడు లీగుల జాగ దొరకకున్నా ఇంకో ఏడు ప్రాక్టీస్ చేస్తడు. మన పోరడు ఇంటర్ అయినంక మిల్లుకో, హైదరాబాద్‌ల డెలివరీ బండికో పోవాల్సిందే. 19 ఏండ్లకు ఆట బందు. ఆటగాడు పండేది 19 తర్వాతనే.

నాలుగో తూము కాగితం. అండర్ 16 సబ్ జూనియర్, అండర్ 20 జూనియర్. ఈ రెండు వయసుల జిల్లా జట్టుల, రాష్ట్ర జట్టుల పేరు పడాలె. లీగు జట్లు కొత్త యువ ఆటగాళ్లను ఏరుకునేది ఎక్కువగ ఈ పోటీలల్లనే. సెలక్షన్ తారీఖు ఊర్లకు తెలువక, వయసు ధ్రువీకరణ లేక ఎందరో ఆ గడప కాడనే ఆగుతున్నరు.

ఆడపిల్లల ముచ్చట చెప్తె ఇంకా కడుపు మండుతది. 2016ల మూడు జట్లతోని ఉమెన్స్ కబడ్డీ చాలెంజ్ అని పెట్టిన్రు. ఆ మూడు జట్లు మళ్ల కనబడలే. మన చెల్లెండ్లకు లెక్కగట్టనీకె టీవీల ఏడుగురు కూడ లేరు.

తెలివిని ఊరికి వాడుండ్రి

మన దిక్కు ఒక జబ్బున్నది, హీరో పిచ్చి. సిన్మాల గంతే, రాజకీయంల గంతే, ఆటల గంతే. ఒక్కడొస్తడు, అంత చక్కబెడ్తడు అనుకుంటం. ఒక్కన్ని నమ్ముకున్న టైటాన్స్ మూడేండ్లు ఆఖరి జాగల కూసున్నది. మన ఊరి ఆట కూడ "ఎవలన్న పెద్దమనిషి వచ్చి టోర్నమెంటు పెట్టిస్తె బాగుండు" అనే కాడనే ఆగింది. ఫ్లెక్సీ కడుతరు, కప్పు ఇస్తరు, ఫొటో దిగుతరు. మర్నాడు కోర్టుల గొర్లు మేస్తయి.

అందుకే టైటాన్స్‌కు రాసినట్టే మీ ఊరికి కూడ ఒక కాగితం రాయుండ్రి. ఏడు జాగలు, ఏడు పనులు. నేర్పెటోడు ఎవడు? యూనివర్సిటీకో, రాష్ట్రానికో ఆడి వచ్చిన అన్న ఒకడు ప్రతి మండలంల ఉంటడు, ఆయనను పట్టుకోండ్రి. సెలక్షన్ తారీఖులు తెలుసుకొని గ్రూపుల పెట్టేటోడు ఎవడు? పిల్లల పుట్టిన తేదీ కాగితాలు, ఆధార్, సర్టిఫికెట్లు జమ చేసి పెట్టేటోడు ఎవడు? ఆడపిల్లల జట్టుకు తోడు పోయే అక్క ఎవలు? పంచాయతీల, మండల ఆఫీసుల దరఖాస్తు ఇచ్చి రశీదు తెచ్చేటోడు ఎవడు? దెబ్బ తాకితె దవాఖానకు తీస్కపోయెటోడు ఎవడు? ప్రతి మ్యాచ్ లెక్క నోట్‌బుక్కుల రాసెటోడు ఎవడు? గివే ఏడు. ఇందుల ఒక్కటి కూడ హీరో పని కాదు. ఒక్కటి లేకున్నా పిల్లగాడు పైకి పోడు.

ఊరూరికి క్రీడా ప్రాంగణం అని 2022ల పథకం వచ్చింది. మీ ఊరి ప్రాంగణం కాడికి రేపు పొద్దుగాల పోయి చూడుండ్రి. కబడ్డీ కోర్టు గీతలు ఉన్నయా? నేల సాపుగ ఉన్నదా? మాపటికి లైటు వెలుగుతదా? లేకుంటె దరఖాస్తు రాయుండ్రి, గ్రామసభల లేసి అడుగుండ్రి. ఊరికి ఒక్కటి కష్టమైతె మండలానికి ఒక్క మ్యాట్ అడుగుదం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు కాడ మూడు మ్యాట్లు, ముగ్గురు కోచ్‌లు, ఏడాది పొడుగూత ప్రాక్టీస్. ఇది గొంతెమ్మ కోరిక కాదు. జాతీయ పోటీలనే పిలిచి పెట్టిన జాగకు ఇది అడిగే హక్కు ఉన్నది.

రైడరు అవుటైతె బెంచి మీద కూసోని ఎదురుచూస్తడు. లోపల ఉన్నోడు ఒక్క పాయింటు తెస్తెనే వాడు బతుకుతడు. 19 ఏండ్లకు ఆట బందు పెట్టి మిల్లుకు పోతున్న మన తమ్ముండ్లంత గట్ల బెంచి మీద కూసున్నోళ్లే. వాళ్లను లోపలికి తెచ్చే రెండో రైడరు ఎవలో, ఈ సీజన్ టైటాన్స్ ఏడుగురిని రాసే కాగితం వెనుక దిక్కు రాసుకోండ్రి.